గిటార్ నుంచి డ్రమ్స్ చేతికి: సెపుల్తురా ఆల్బమ్‌ల ధ్వని మారిన తీరు

బ్రెజిల్ థ్రాష్ మెటల్ బృందం సెపుల్తురా గురించి మాట్లాడేవారు దాని చరిత్రను సాధారణంగా 1996 దగ్గర రెండుగా కోస్తారు. గాయకుడూ గిటారిస్టూ అయిన మాక్స్ కవలేరా ఉన్న కాలం ఒకటి, ఆయన వెళ్లిపోయిన తరువాతి కాలం మరొకటి. అభిమానుల తగాదాలకు ఈ విభజన బాగా పనికివస్తుంది గాని, బృందం ధ్వని ఎప్పుడు, ఏ దిశలో, ఏ కారణంగా మారిందో తెలుసుకోవడానికి అంతగా ఉపకరించదు. అసలు మలుపు మాక్స్ వెళ్లడానికి మూడేళ్ల ముందే, 1993 నాటి "కేయాస్ ఏ.డి." ఆల్బమ్‌లోనే జరిగిపోయింది; మరో పెద్ద మలుపు ఆయన వెళ్లిన పదేళ్లకు, 2006లో డ్రమ్మర్ ఈగోర్ కవలేరా తప్పుకున్నప్పుడు వచ్చింది. ఆల్బమ్‌లను వరుసగా వింటే తేలే విషయం ఒకటుంది. పాటను నడిపించే బాధ్యత గిటార్ నుంచి డ్రమ్స్‌కు మెల్లమెల్లగా మారింది, ఆపైన కొంతమేరకు తిరిగి గిటార్ దగ్గరికి వచ్చింది. ఈ బృందాన్ని గాయకుడి మైకు దగ్గర నిలబడి వినడం కంటే డ్రమ్మర్ కుర్చీ దగ్గర నుంచి వింటే చాలా చిక్కుముడులు విడిపోతాయి.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ సంగీతం వినేవారు కొద్దిమందే. ఇంజనీరింగ్ కాలేజీ హాస్టళ్లలో చేతులు మారిన పెన్‌డ్రైవ్‌లు, చెన్నైలోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసుకుంటూ సంక్రాంతికి ఇంటికి వచ్చే అన్నలు, చాలామందికి మెటల్ పరిచయమైన దారులు ఇవే. వారిలో ఎక్కువమంది ముందుగా వినేది అమెరికా మెటల్ బృందం మెటాలికా. ఆ బృందం 2011 అక్టోబరు 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో కచేరీ చేయడం కూడా దక్షిణాదిన దాని పేరును మరింత పాకించింది. సెపుల్తురా దగ్గరికి వచ్చేసరికి శ్రోతకు గిటార్ రిఫ్‌ను, అంటే మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ వరుసను, పట్టుకుని పాట వెంట నడవడం అలవాటైపోయి ఉంటుంది. అలా వినేవారికి "రూట్స్" లాంటి ఆల్బమ్ మొరటుగా, ఉన్నచోటనే తిరుగుతున్నట్టుగా తోచడంలో వింత లేదు. కానీ కనిగిరి నుంచి ఆత్మకూరు దాకా ఏ పల్లెలో పెరిగినవారైనా జాతరలోనో పీర్ల పండగలోనో డప్పు వినే ఉంటారు కాబట్టి, ఆ ఆల్బమ్‌కు కావలసిన చెవి వారికి ముందే ఉంది.

మార్పును కొలవాలంటే ముందు థ్రాష్ పని చేసే తీరు తెలియాలి. 1980ల ఆరంభంలో అమెరికాలోనూ, ఆ వెంటనే జర్మనీలోనూ రూపుదిద్దుకున్న ఈ శైలి బ్రిటిష్ హెవీ మెటల్ గిటార్ పనితనాన్నీ హార్డ్‌కోర్ పంక్ వేగాన్నీ కలుపుకుంది. గిటారిస్టు కుడి అరచేతి అంచును తంత్రుల మొదట్లో ఆనించి మీటుతాడు. తంత్రి పూర్తిగా మోగకముందే శబ్దం తెగిపోతుంది. అలా తెగిన శబ్దాలను ఎడం లేకుండా పేర్చుకుంటూ పోతే థ్రాష్ రిఫ్ తయారవుతుంది. డ్రమ్మర్ కాలితో కిక్ అనే పెద్ద డ్రమ్మునూ చేత్తో స్నేర్ అనే చిన్న డ్రమ్మునూ ఒకదాని వెంట ఒకటిగా కొడుతూ ఆ గిటార్‌తో పాటు పరుగెడతాడు. వేగం ఒక హద్దు దాటిన తరువాత అతనికి ఊపిరి సలపదు, ప్రతి అరమాత్రకూ ఒక దెబ్బ పడుతున్నప్పుడు మధ్యలో తనదంటూ ఒక దెబ్బ పెట్టడానికి చోటు మిగలదు. అందువల్లనే ఈ శైలిలో గొప్ప డ్రమ్మర్లు కూడా పూర్తి వేగంలో ఇంచుమించు ఒకేలా వినిపిస్తారు. వేగం తగ్గిన చోటనే వారి తేడాలు బయటపడతాయి.

సెపుల్తురా 1984లో బ్రెజిల్‌లోని మీనాస్ జెరైస్ రాష్ట్ర రాజధాని బెలో హారిజాంటెలో మొదలైంది. బంగారంతోనూ ఇనుప ఖనిజంతోనూ పేరు తెచ్చుకున్న గనుల రాష్ట్రం అది. 1964లో మొదలైన సైనిక పాలన 1985లో ముగిసింది. అంటే బృందం పుట్టింది ఆ పాలన చివరి ఘడియల్లో. మాక్స్, ఈగోర్ అన్నదమ్ములు. బేస్ గిటార్ పాలో జూనియర్‌ది, రెండో గిటార్ తొలినాళ్లలో జైరో గెడ్జ్‌ది. అదే నగరంలోని కొగుమేలో అనే రికార్డుల దుకాణం సొంతంగా రికార్డులు కూడా విడుదల చేసేది. 1985లో "బెస్టియల్ డివాస్టేషన్"ను ఓవర్‌డోస్ అనే మరో స్థానిక బృందంతో కలిపి ఒకే రికార్డుగా తెచ్చింది. మరుసటి ఏడాది "మోర్బిడ్ విజన్స్" వచ్చింది. అప్పటికి ఈగోర్ వయసు పదహారు.

ఈ రెండు రికార్డుల్లో ధ్వని గురించి చెప్పుకోవలసింది తక్కువ. గిటార్ల శ్రుతి సరిగా కుదరలేదు, రికార్డింగ్ పలచగా ఉంది, డ్రమ్స్ వేగానికి చేతులు అక్కడక్కడా అందలేదు. వెనమ్, సెల్టిక్ ఫ్రాస్ట్ వంటి యూరప్ బృందాలను చెవులప్పగించి విన్న కుర్రవాళ్లు తమకు అందిన సామగ్రితో వాటిని అందుకోవాలని చూశారు. "ట్రూప్స్ ఆఫ్ డూమ్" పాట ఒక్కటి మాత్రం ఈనాటికీ నిలబడింది. అందులో నెమ్మదించే భాగాలు ఉండడం యాదృచ్ఛికమే కావచ్చు గాని, తరువాతి చరిత్ర తెలిసిన చెవికి అది గమనించదగినదే. 2023లో కవలేరా సోదరులు ఈ రెండింటినీ పూర్తిగా మళ్లీ వాయించి విడుదల చేశారు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి వింటే, కొత్తదానిలో కట్టుదిట్టం పెరిగింది, పాతదానిలోని భయపెట్టే గుణం కొంత తగ్గింది. కొన్నిచోట్ల చేతకానితనమే పాటకు బలం.

1987లో ఆండ్రియాస్ కిస్సర్ గిటారిస్టుగా చేరడంతో బృందానికి శిక్షణ అబ్బింది. ఆయనకు క్లాసికల్ గిటార్‌తో పరిచయం ఉంది, స్వరాల మీద పట్టు ఉంది. అదే ఏడాది వచ్చిన "స్కిజోఫ్రీనియా"లో ఏడు నిమిషాలకు పైగా సాగే "ఇంక్విజిషన్ సింఫనీ" అనే వాద్య రచన ఈ మార్పుకు సాక్ష్యం. రిఫ్‌లు వరుసగా అతికించినట్టు ఉండడం పోయి ఒకదానిలోంచి మరొకటి పుట్టడం ఇక్కడ మొదలైంది. ఆ తరువాత రోడ్‌రన్నర్ రికార్డ్స్‌తో ఒప్పందం కుదిరి, బృందం బ్రెజిల్ సరిహద్దు దాటింది.

"బినీత్ ద రిమెయిన్స్" 1989లో వచ్చింది. 1988 డిసెంబరులో రియో డి జెనీరోలోని ఒక స్టూడియోలో, రాత్రి వేళల్లో, అమెరికాలోని ఫ్లోరిడా నుంచి వచ్చిన నిర్మాత స్కాట్ బర్న్స్ చేతుల మీదుగా రికార్డయింది. 1991 నాటి "అరైజ్" కోసం బృందమే ఫ్లోరిడాలో బర్న్స్ పనిచేసే టాంపా నగరంలోని మోరిసౌండ్ స్టూడియోకు వెళ్లింది. థ్రాష్‌గా చూస్తే సెపుల్తురా శిఖరం ఈ రెండు ఆల్బమ్‌లే. "ఇన్నర్ సెల్ఫ్" పాటను దగ్గరగా వింటే ఆ పనితనం తెలుస్తుంది: మొదట బరువుగా నడిచే రిఫ్ వస్తుంది, దాని ఆఖరి దెబ్బ మీదనే వేగం పెరుగుతుంది, గిటార్ మీటులోని ప్రతి విరుపునూ కిక్ డ్రమ్ అచ్చుగుద్దినట్టు అనుసరిస్తుంది. ఇక్కడ డ్రమ్స్ గిటార్‌కు నీడ. నీడగా ఉండడంలో ఈగోర్‌ను మించినవారు ఆనాడు అరుదు, కానీ నీడ నీడే. అప్పట్లో ఫ్లోరిడా స్టూడియోల అలవాటు ప్రకారం కిక్ శబ్దంలో లోతు తగ్గించి టకటకలాడే అంచును పైకి తెచ్చారు. వేగంలో ప్రతి దెబ్బా విడివిడిగా వినబడాలంటే అది తప్పదు కూడా.

అయినా "అరైజ్"లోనే ఒక కిటికీ తెరుచుకుంది. "ఆల్టర్డ్ స్టేట్" పాట మొదట్లో గిటార్ రాకముందే తాళవాద్యాలతో అల్లిన ఒక చిన్న భాగం ఉంటుంది. పాట మొదలవగానే అది మాయమవుతుంది, మళ్లీ కనిపించదు. పాట గుమ్మం ముందు కొద్దిసేపు ఆడి వెళ్లిపోయిన ఆ తాళం, రెండేళ్ల తరువాత ఇంటి లోపలికి వచ్చి కూర్చుంది.

"కేయాస్ ఏ.డి." నిర్మాత ఆండీ వాలెస్. "అరైజ్"ను మిక్స్ చేసింది ఆయనే కాబట్టి బృందానికి కొత్తవాడు కాదు. వేల్స్‌లోని రాక్‌ఫీల్డ్ స్టూడియోలో రికార్డింగ్ జరిగింది. మాక్స్‌కు పుట్టబోయే కొడుకు గుండె చప్పుడుతో ఆల్బమ్ మొదలై, ఆ లయ మీదికి డ్రమ్స్ వచ్చి "రెఫ్యూజ్ రెసిస్ట్" పాటగా మారుతుంది. ఈ ఆరంభాన్ని రెండుమూడు సార్లు డ్రమ్స్ మాత్రమే పట్టించుకుని వినడం మంచిది. ఈగోర్ స్నేర్ మీది పరుగును వదిలి, టామ్‌లు అనే లోతుగా మోగే డ్రమ్ముల మీదికి చేతులు మార్చాడు. వాటి మీద నడిచే వరుసలో బ్రెజిల్ నృత్య సంగీతమైన సాంబా జాడ స్పష్టంగా ఉంది. సాంబా రెండు మాత్రల నడక. అందులో సుర్దో అనే పెద్ద డోలు బరువంతా రెండో మాత్ర మీద వేస్తుంది, చిన్న వాద్యాలు మధ్యలోని ఖాళీలను నింపుతాయి. రాక్ డ్రమ్మర్ సహజంగా మొదటి మాత్రను కిక్‌తో నేలకు దిగ్గొడతాడు. ఈ రెండు బరువులూ ఒకే పాటలో కలిసినప్పుడు పాట ముందుకు ఉరకడానికి బదులు ఊగుతుంది, ఆ ఊపులోనే బరువు కనిపిస్తుంది.

మన ప్రాంతపు శ్రోతకు దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. కొన్ని ఊళ్లలో పలక అని కూడా పిలిచే డప్పు మీద కుడిచేతి చిర్ర బరువైన దెబ్బను వేస్తుంటే ఎడమచేతిలోని సన్నటి పుల్ల ఆ దెబ్బల నడుమ చిటపటలను కూరుస్తూ ఉంటుంది. నడిచే అడుగు చిర్రకు పడుతుంది, ఆడే ఒళ్లు పుల్లకు కదులుతుంది. "టెరిటరీ" పాట తొలి క్షణాల్లో ఈగోర్ చేసింది సరిగ్గా ఈ పని విభజనే. ఫ్లోర్ టామ్ మీద బరువు, పైటామ్‌లూ స్నేర్ మీద దాని సమాధానం. గిటార్ వచ్చాక కూడా ఆ వరుస చెదరదు. గిటారే దానికి తగ్గట్టు తన రిఫ్‌ను కుదించుకుంటుంది. రెండు మూడు స్వరాలకు మించని ఆ రిఫ్‌ను విడిగా గిటార్ మీద వాయిస్తే అది ఏమంత గొప్పగా ఉండదు. డ్రమ్స్ లేకుండా "బినీత్ ద రిమెయిన్స్" రిఫ్ వాయిస్తే పాట గుర్తుపట్టవచ్చు, గిటార్ లేకుండా "టెరిటరీ" డ్రమ్స్ వాయించినా పాట గుర్తుపట్టవచ్చు. బృందంలో పెత్తనం చేతులు మారిందనడానికి ఇంతకంటే సులువైన పరీక్ష లేదు.

రికార్డింగ్ తీరు కూడా దీనికి తగ్గట్టే మారింది. వాలెస్ డ్రమ్స్ చుట్టూ ఉన్న గది శబ్దాన్ని దాచలేదు. టాంపాలో అంచు కోసం తగ్గించిన లోతు ఇక్కడ తిరిగి వచ్చింది. వేగం తగ్గినందువల్ల ఒక్కో దెబ్బ పూర్తిగా మోగి ఆరిపోవడానికి సమయం దొరికింది. అమ్ముడుపోవడం కోసం బృందం నెమ్మదించిందని ఆ కాలంలో పాత అభిమానులు నిష్ఠూరమాడారు. ఆ రోజుల్లో మెటల్ ప్రపంచమంతటా వేగం తగ్గే గాలి వీస్తున్న మాట వాస్తవమే, మెటాలికా 1991లో అదే పని చేసింది, పాంటెరా 1992లో బరువైన నడకకు కొత్త కొలత ఇచ్చింది. అయితే మిగతావారు వేగం తగ్గించి మిగిలిన చోటును పల్లవితోనో గిటార్ బరువుతోనో నింపుకోగా, సెపుల్తురా దాన్ని తాళంతో నింపింది. నిష్ఠూరానికి సమాధానం ఆ తేడాలో ఉంది.

ఆల్బమ్ నడుమ ఉన్న "కాయోవాస్" ఈ దిశలో ఇంకా ముందుకు వెళ్లింది. వేల్స్‌లోని చెప్‌స్టో కోట శిథిలాల్లో ఎలక్ట్రిక్ గిటార్ లేకుండా, గొంతు లేకుండా రికార్డు చేసిన వాద్య రచన ఇది. తమ భూములు పోతున్నందుకు నిరసనగా ప్రాణాలు తీసుకున్న కయోవా తెగవారికి బృందం దీన్ని అంకితమిచ్చింది. అకౌస్టిక్ గిటార్లు ఒకే చిన్న పలుకును మళ్లీ మళ్లీ పలుకుతుంటే డ్రమ్స్ మెల్లగా పైకి లేస్తాయి. కచేరీల్లో దీన్ని వాయించేటప్పుడు గిటారిస్టులు కూడా గిటార్లు పక్కన పెట్టి డ్రమ్స్ దగ్గరికి చేరి వాయించేవారు. అదే ఆల్బమ్‌లోని "మానిఫెస్ట్" 1992లో సావో పాలో నగరంలోని కరాండిరూ జైలులో పోలీసులు 111 మంది ఖైదీలను చంపిన ఘటన గురించినది. నరకం, శవాలు, మతదూషణ అంటూ తిరిగిన తొలి రికార్డుల మాటలు ఇక్కడికి వచ్చేసరికి పేరూ ఊరూ ఉన్న సంగతులయ్యాయి. తాళం సొంత దేశానికి తిరిగి రావడం, మాట సొంత దేశానికి తిరిగి రావడం ఒకేసారి జరిగాయి.

1996 నాటి "రూట్స్"కు నిర్మాత రాస్ రాబిన్సన్. 1994లో కార్న్ బృందపు తొలి ఆల్బమ్‌ను తయారుచేసిన వ్యక్తి ఆయన. కాలిఫోర్నియాలోని మాలిబూ కొండల్లో ఉన్న ఇండిగో రాంచ్ అనే పాత స్టూడియోలోనే, ఆ కార్న్ ఆల్బమ్ లాగే, ఇది కూడా రికార్డయింది. మాక్స్ అప్పటికే గిటార్‌కు ఆరు తంత్రులు అనవసరమని సన్నటి రెండు తీసేసి నాలుగింటితో వాయిస్తున్నాడు. శ్రుతిని బాగా కిందికి దించడంతో తంత్రులు వదులై, గిటార్ స్వరం పలికే వాద్యంలా కాకుండా మోత పుట్టించే వాద్యంలా మారింది. "రూట్స్ బ్లడీ రూట్స్" రిఫ్‌లో రాగం వెతికితే దొరకదు. గిటార్, బేస్, కిక్ మూడూ ఒకే దెబ్బగా పడతాయి. గిటార్ కూడా డ్రమ్ అయిపోయిందని చెప్పవచ్చు.

ఈ ఆల్బమ్‌లో అతి విలువైన భాగం "రటమహటా". ఈశాన్య బ్రెజిల్‌లోని సాల్వడార్ నగరానికి చెందిన తాళవాద్య కళాకారుడు కార్లీన్యోస్ బ్రౌన్ ఇందులో పాడాడు, వాయించాడు. అక్కడి ఆఫ్రికన్ సంతతి ప్రజల వీధి వాద్య బృందాల సంప్రదాయం ఆయనది. 17వ శతాబ్దంలో పారిపోయిన బానిసల స్థావరానికి నాయకుడైన జుంబీ, 1938లో హతుడైన బందిపోటు లాంపియావ్ వంటి పేర్లు పాటలో పోర్చుగీసులో దొర్లుతుంటాయి. ఇక్కడ ఈగోర్ తన డ్రమ్స్‌ను కూడా ఒక పెద్ద మేళంలో ఒక భాగంగా మాత్రమే ఉంచాడు. ఎవరు ఏ దెబ్బ వేశారో విడదీయలేనంతగా పొరలు కలిసిపోయాయి. నెల్లూరు బారాషహీద్ దర్గా దారిలోనో ఏదైనా పెద్ద తిరునాళ్లలోనో రెండు మూడు మేళాలు ఒకేసారి ఎదురుపడినప్పటి రొదలో పెరిగిన చెవికి ఈ పాట గందరగోళంగా తోచదు. "ఆటిట్యూడ్" మొదట్లో వినిపించే బెరింబావు, విల్లుకు ఒక సొరకాయ బుర్ర కట్టిన ఒంటి తంత్రి వాద్యం. దాన్ని పుల్లతో కొట్టి మోగిస్తారు. తంత్రి వాద్యమే అయినా పని మాత్రం తాళవాద్యానిది. మాక్స్ నాలుగు తంత్రుల గిటార్‌కూ దీనికీ ఉన్న చుట్టరికాన్ని ఆ పాట ఆరంభం చెప్పకనే చెబుతుంది.

"ఇట్సారీ" సంగతి వేరు. మాటో గ్రోసో రాష్ట్రంలో షవాంటే తెగవారు నివసించే గ్రామానికి బృందం స్వయంగా వెళ్లి, వారి సమ్మతితో వారి సామూహిక గానాన్ని రికార్డు చేసింది. గొంతులు షవాంటేలవి, అకౌస్టిక్ గిటార్లతో, తాళంతో బృందం వెంట నడిచింది. స్టూడియోలో కూర్చుని ఎవరిదో పాత టేపులోంచి ముక్క కత్తిరించి అతికించే పద్ధతికంటే ఇది ఎంతో మేలు. కానీ ఒక ఇబ్బంది మిగిలిపోతుంది. సాల్వడార్ వీధుల ఆఫ్రికన్ సంప్రదాయం, మధ్య బ్రెజిల్ ఆదివాసీ గానం, బెలో హారిజాంటె నగర యువకుల మెటల్, ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి సంబంధం బహు తక్కువ; ఆల్బమ్ మాత్రం మూడింటినీ "మూలాలు" అనే ఒకే గొడుగు కిందికి చేర్చింది. నెల్లూరు తీరపు యానాదుల పాటనూ నల్లమల చెంచుల పాటనూ కలిపి "జానపదం" అని చీటీ అంటించేవారికి మన దగ్గరా కొదవ లేదు కాబట్టి, ఈ లోపం ఇక్కడి పాఠకులకు తెలియనిదేమీ కాదు. మరో లోపం నిడివి. డెబ్బై నిమిషాలు దాటే ఈ ఆల్బమ్‌లో రెండో సగంలోని కొన్ని పాటలు ఒకే దెబ్బను పట్టుకుని వేలాడతాయి. గిటార్ రాగాన్ని వదులుకున్నప్పుడు తాళంలో వైవిధ్యం ఉండి తీరాలి. బ్రౌన్ ఉన్న చోట అది ఉంది, లేని చోట్ల కొన్నిసార్లు లేదు.

వినే సాధనం గురించి ఒక మాట ఇక్కడ అవసరం. ఫోన్‌లోని చిన్న స్పీకర్‌కు లోతైన శబ్దాలను పలికే శక్తి లేదు. "అరైజ్"లోని కిక్ అంచూ గిటార్ కరకరా అందులో కూడా బతికి బయటపడతాయి. "రూట్స్"లో సగం సంగీతం ఆ స్పీకర్ దాకా రాదు. ఆటోల్లో వెనక సీటు కింద బిగించే బాక్సుల మీద ఇదే ఆల్బమ్ ఎంతో మెరుగ్గా వినబడుతుంది. "రూట్స్"ను ఫోన్లో విని కొట్టిపారేసినవారు అసలు ఆల్బమ్‌ను వినలేదన్నా అతిశయోక్తి కాదు.

1996 డిసెంబరులో లండన్ బ్రిక్స్‌టన్ అకాడమీ కచేరీ తరువాత మాక్స్ బృందాన్ని వీడాడు. ఆ ఏడాది ఆయన సవతి కొడుకు దుర్మరణం పాలవడం, మాక్స్ భార్య గ్లోరియానే బృందానికి మేనేజర్‌గా ఉండగా ఆమెను కొనసాగించకూడదని మిగతా ముగ్గురూ నిశ్చయించడం దీనికి నేపథ్యం. మాక్స్ సోల్‌ఫ్లై బృందాన్ని మొదలుపెట్టాడు. అమెరికాలోని క్లీవ్‌లాండ్ నుంచి డెరిక్ గ్రీన్ సెపుల్తురా గాయకుడిగా వచ్చాడు. 1998 నాటి "అగెనెస్ట్" మీద ఆనాటి విమర్శలన్నీ గొంతు చుట్టూనే తిరిగాయి. డ్రమ్స్ వింటే మాత్రం ఆ ఆల్బమ్ "రూట్స్"కు కొనసాగింపే: జపాన్‌కు చెందిన కోడో డోలు బృందం అందులో ఒక పాటకు వాయించింది. బ్రెజిల్ తాళం నుంచి ఇతర దేశాల తాళం వైపు ఈగోర్ చూపు మళ్లిందంతే. "నేషన్" (2001), "రూర్‌బ్యాక్" (2003) అదే దారిలో నడిచి, కొత్తగా చేర్చింది తక్కువ. 2006 నాటి "డాంటే 21" మేలైనది. ఇటలీ మహాకవి కావ్యాన్ని ఆధారం చేసుకుని, చెల్లో వంటి వాద్యాలను అక్కడక్కడా చొప్పించి, పాటలను చిన్నవిగా ఉంచింది. ఈగోర్ ఈ బృందంతో చేసిన చివరి ఆల్బమ్ అదే.

ఇక్కడి నుంచి వేగం తిరిగి వచ్చింది. 2009 నాటి "ఎ-లెక్స్"లో జీన్ డోలాబెల్లా డ్రమ్స్ వాయించాడు. ఆయన నిపుణుడే గాని, ఈగోర్‌లా పాటను తన మీద మోసుకెళ్లే తత్త్వం కాదు. దాంతో కిస్సర్ గిటార్ మళ్లీ ముందుకు వచ్చింది. మాక్స్ వెళ్లిన తరువాత ఒకే గిటార్‌తో సాగుతున్న బృందం కాబట్టి కిస్సర్ మీద భారం ముందునుంచీ ఉన్నదే, అది వినిపించడం మాత్రం ఇప్పుడు మొదలైంది. 2011లో "కైరోస్" తరువాత ఎలోయ్ కాసాగ్రాండే చేరాడు. 1991లో, అంటే "అరైజ్" వచ్చిన ఏడాదే పుట్టిన ఈ డ్రమ్మర్ బృందపు పాత ఆల్బమ్‌లన్నిటినీ పాఠ్యపుస్తకాల్లా చదువుకున్న తరానికి చెందినవాడు. వేగంలో నీడగా ఉండడం అతనికి తెలుసు, నెమ్మదిలో బరువు మోయడమూ తెలుసు. 2013లో రాస్ రాబిన్సన్ మళ్లీ నిర్మాతగా వచ్చి చేసిన ఆల్బమ్‌లో "రూట్స్" తిరిగి వస్తుందని ఎదురుచూసినవారికి, ఎలోయ్ చేతుల వల్ల అందులో దానికంటే ఎంతో ఎక్కువ వేగం దొరికింది. 2017 నాటి "మెషీన్ మెసయ్య"లో ట్యునీషియా వయొలిన్లు కూడా వచ్చి కలిశాయి. దాని టైటిల్ పాట బృందం చరిత్రలోనే అతి నిదానమైన ఆరంభాల్లో ఒకటి, అయినా అది తాళం కోసం నెమ్మదించిన పాట కాదు. డెరిక్ గ్రీన్ శ్రావ్యంగా పాడడానికి చోటు ఇవ్వడం కోసం నెమ్మదించింది.

2020 నాటి "క్వాడ్రా" ఈ కథకు బృందం తనంతట తాను ఇచ్చుకున్న వ్యాఖ్యానం. పన్నెండు పాటలను మూడేసి చొప్పున నాలుగు భాగాలుగా పేర్చారు. మొదటి భాగం పాత థ్రాష్ వేగానిది. రెండోది తాళం ప్రధానమైన "రూట్స్" తరహాది. మూడోది "స్కిజోఫ్రీనియా"నాటి వాద్య రచనలను తలపించే గిటార్ పనితనానిది. నాలుగోది "మెషీన్ మెసయ్య" నిదానానికి కొనసాగింపు. ముప్పైఅయిదేళ్లలో ఒకదాని తరువాత ఒకటిగా వచ్చిన దశలు ఇక్కడ ఒకే బల్ల మీద పక్కపక్కన ఉన్నాయి. వరుసగా వింటే మొదటి భాగంలోని "ఐసొలేషన్"కూ రెండో భాగాన్ని తాళవాద్యాలతో తెరిచే "క్యాపిటల్ ఎన్‌స్లేవ్‌మెంట్"కూ మధ్య డ్రమ్మర్ స్థానం ఎలా మారుతుందో కొద్ది నిమిషాల్లోనే తెలుస్తుంది. మొదటిదానిలో గిటార్ విరుపులను అనుసరించే అదే చేయి, రెండోదానిలో గిటార్‌కు ఎక్కడ ఆగాలో చెబుతుంది. సెపుల్తురాను కొత్తగా వినబోయేవారికి ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్నకు మంచి సమాధానం ఈ ఆల్బమే. నచ్చిన భాగాన్ని బట్టి వెనక్కి ఏ ఏడాదికి వెళ్లాలో అదే దారి చూపిస్తుంది.

2023 డిసెంబరులో బృందం వీడ్కోలు యాత్రను ప్రకటించింది. 2024 మార్చిలో ఆ యాత్ర, బృందం పుట్టిన ఊరు బెలో హారిజాంటెలోనే మొదలైంది. దానికి కొన్ని రోజుల ముందు, ఫిబ్రవరిలో, ఎలోయ్ బృందాన్ని వీడి అమెరికా మెటల్ బృందం స్లిప్‌నాట్‌లో చేరాడు. ఆయన స్థానంలో వచ్చిన గ్రేసన్ నెక్రూట్‌మన్ జాజ్ సంప్రదాయంలో పేరు తెచ్చుకున్న యువ డ్రమ్మర్. జాజ్ నుంచి వచ్చిన చేతికి "బినీత్ ద రిమెయిన్స్" వేగం సాధనతో అబ్బే విషయమే. వీడ్కోలు కచేరీల్లో అతని పని ఎలా ఉందో తెలియాలంటే "టెరిటరీ" మొదటి కొద్ది సెకన్లు, గిటార్ ఇంకా రాకముందు వినాలి.